వడ్లగింజ దిక్సూచి

అబద్ధం చెప్పడంలో నాకు మంచి పేరుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ బడి స్టాఫ్‌రూంలో అడిగినా చెబుతారు. సాగర్ ఎడమ కాలువలో కొట్టుకొచ్చిన మొసలి ఒకటి మా బడి ప్రార్థనకు వచ్చి చివరి వరుసలో నిలబడిందనీ, పీఈటీ సారు కళ్ళద్దాలు లేక దాన్ని "ఏయ్ పొట్టోడా, ముందటికి రా" అని పిలిచాడనీ నేనొకసారి చెప్పాను. ఆ కథ త్రిపురారం దాకా పోయి, వారం తర్వాత మూడు మొసళ్ళుగా నా దగ్గరికే తిరిగివచ్చింది.

ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో సైన్సు చెబుతున్నాను. ఇంత అబద్ధాలకోరువు సైన్సు ఎట్లా చెబుతావని మా ఆవిడ అడుగుతుంది. పిల్లలు తిరిగి అడగరు కదా అంటాను.

కొన్నేళ్ళ కింద మా బళ్ళకు గోడంత టీవీలు వచ్చాయి. వేలితో తాకితే పాఠం తెరుచుకుంటుంది. వాటితోపాటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు నెలకొక ఆన్‌లైన్ కృత్యం చేయించాలని ఉత్తర్వు వచ్చింది. వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది. అందులో ఒక పాఠం, ఒక వర్క్‌షీటు, చివర ఐదు ప్రశ్నల క్విజ్ ఉంటాయి. తరగతిలో ఆ ప్రయోగం చేయించి ఫొటో పెట్టి, ఒక ఫారం నింపాలి. నింపితే చార్టులో బడి పేరు పక్కన పచ్చరంగు, నింపకపోతే ఎరుపు. జిల్లాలు విడిపోయినా సైన్సు సార్ల గ్రూపు విడిపోలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళమంతా ఇంకా అందులోనే ఉన్నాం. లింకులు వెతికి వేసే పని, ఫారాలు తయారుచేసే పని నాది. ఆ పని చేసేవాణ్ణి రిసోర్స్ పర్సన్ అంటారు.

మాలో ఒక పద్ధతి ఉంది. ముందు ఫొటో, తర్వాత ప్రయోగం. ఫొటో అయ్యాక బెల్లు కొడుతుంది కాబట్టి ఆ తర్వాత అనేది ఎన్నడూ రాదు. విత్తనాల మొలక పాఠం నెలలో మొలకెత్తిన ఒకే ఒక్క శనగగింజ ప్లాస్టిక్ గ్లాసులో కూర్చుని మూడు మండలాలు తిరిగింది. అది చూసిన బళ్ళు మా విద్యాశాఖ అధికారి చూసిన బళ్ళకన్నా ఎక్కువ.

ఈ పద్ధతిలో అందరికన్నా ముందుండేవాడు సూర్యాపేటలో పనిచేసే నా స్నేహితుడు. లింకు పడిన గంటకల్లా అతనిది పచ్చ. ఒకనాడు ఫోనులో గొప్పలకు పోయాడు.

"అన్నా, మా బడిల ఫెయిలైన ప్రయోగం ఒక్కటి సూపియ్, నౌకరి ఇడిసిపెడ్త."

వీణ్ణి పట్టాలనిపించింది. ఒక ఆదివారం కూర్చుని, ఉచితంగా పేజీలు కట్టుకునే చోట ఒక పేజీ కట్టాను. పేరు 'వడ్లగింజ దిక్సూచి'. నదినీటితో పండిన వరిలో కంటికి కనబడని ఇనుము ఉంటుందని రాశాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, రూపాయి బిళ్ళంత థర్మకోల్ ముక్క మీద వడ్లగింజను పడుకోబెట్టి వదిలితే, పది నిమిషాల్లో గింజ ముక్కు ఉత్తరానికి తిరుగుతుందని రాశాను. వర్క్‌షీటు పెట్టాను. ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టాను. పైన గడ్డం ఉన్న ఒక తెల్లాయన బొమ్మ, కింద 'శాస్త్రవేత్తను అడగండి' అని ఒక పెట్టె. అందులో ఎవరేం రాసినా నా ఫోనుకే వస్తుంది.

ఇక ఫారం. దానికి రెండే గడులు పెట్టాను. ఒకటి 'ఫలితం వచ్చింది', అది నొక్కితే పచ్చ. రెండోది 'ఇంకా చేయలేదు', అది నొక్కితే ఎరుపు. చేశాను కానీ రాలేదు అనే గడి కావాలనే పెట్టలేదు. అది ఉంటే నా తమాషాకు బొక్క పడుతుంది.

సోమవారం పొద్దున లింకు వేశాను. ఇంటర్వెల్ బెల్లుకు సూర్యాపేట నుంచి ఫోను.

"అన్నా, గింజ తిరిగింది!"

"ఎంతసేపట్ల?"

"ఐదే నిమిషాలు. సన్నాలు జల్ది తిరుగుతున్నయ్, దొడ్డువడ్లు జర బద్ధకం."

"ఏం నీళ్ళు పోసినవ్?"

"మినరల్ వాటర్ అన్నా. మా బడంటే ఏమనుకున్నవ్?"

నవ్వు ఆపుకోవడానికి నేను ఫోను దూరం పెట్టాల్సి వచ్చింది. రెండు రోజులాగి గ్రూపులో అసలు సంగతి చెప్పి అతని పరువు తీద్దామనుకున్నాను. కానీ ఆ రెండు రోజుల్లో చార్టంతా పచ్చబడింది. కోదాడ దగ్గరి ఒక బడి పిల్లల తలలకు వరికంకులు కట్టి, పాటపెట్టి వీడియో తీసింది. నేల మీద ముగ్గుపిండితో ఉత్తరం అని బాణం గీశారు. ఆ బాణం పడమరకు ఉంది. గింజ కూడా బుద్ధిగా పడమరకే తిరిగింది.

మా అధికారి ఆ వీడియోను పైఆఫీసుకు పంపాడు. అక్కడి నుంచి మెచ్చుకోలు వచ్చింది. నన్ను పిలిచి భుజం తట్టాడు. "ఏందయ్యా, మన వడ్లతోని మన పేరు పైకి పోయింది!" అన్నాడు. ఇక చెప్పడమెట్లా? ఉన్నమాట రాయాలంటే, చెప్పాలని కూడా లేదు. నేను చెప్పిన ఏ కథకూ ఇన్ని బళ్ళు ఇంత భక్తిగా సాక్ష్యం పలకలేదు.

చార్టులో ఒక్కటే ఎరుపు మిగిలింది. త్రిపురారం వైపు ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడి. అక్కడ సైన్సు చెప్పే మేడంది కోదాడ. నలభై ఏళ్ళుంటాయి. కాంట్రాక్టు మీద ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. ప్రతి ఎండాకాలం ఆమె ఉద్యోగం చచ్చిపోతుంది. పొడిగింపు జాబితాలో పేరుంటే జూన్‌లో మళ్ళీ పుడుతుంది. ఆ యేడు ఆ జాబితాకు మా చార్టునే లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఒక్క నెల ఎరుపున్నా పేరు తీసేస్తారు. మిగతా నెలలన్నీ ఆమెవి పచ్చే. పైగా ఆ పచ్చలన్నీ నిజంగా ప్రయోగాలు చేసి తెచ్చుకున్నవి. అది మా గ్రూపులో అందరికీ ఒక జోకు.

ఆమె రాసినది మొదటిసారి శాస్త్రవేత్త పెట్టెలో వచ్చినప్పుడు నేను మిర్యాలగూడ బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను.

"అయ్యా, నమస్కారం. మా ఏడో తరగతి పిల్లలు నలభై గింజలతో చేశారు. గింజలు అన్ని వైపులకూ తిరిగాయి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి చేస్తే ఏదీ కదల్లేదు. మా పొరపాటు ఎక్కడుందో చెప్పగలరు."

కింద పట్టిక. గింజ నంబరు, మొదట ఉన్న దిక్కు, పది నిమిషాల తర్వాతి దిక్కు. నలభై వరుసలు.

నాకు నవ్వొచ్చింది. టీ చల్లారేలోగా శాస్త్రవేత్తగా జవాబు రాశాను. గింజల్లో తేమ ఉండి ఉంటుంది, వారం రోజులు నీడలో ఆరబెట్టి చూడండి అన్నాను. సరిగ్గా ఎనిమిదో రోజు మళ్ళీ నలభై వరుసలు వచ్చాయి. తిరగలేదు. బోరు నీళ్ళు పనికిరావు, కాలువ నీళ్ళు వాడండి అన్నాను. హాస్టల్ పిల్లల్ని గేటు దాటనివ్వరు కాబట్టి తానే స్కూటీ మీద క్యాను పెట్టుకుని కాలువకు పోయి నీళ్ళు తెచ్చిందట. తిరగలేదు. ఒక ఊరి గింజతో సరిపోదు, మూడు ఊళ్ళ గింజలు కావాలన్నాను. త్రిపురారం, మాడుగులపల్లి, హాలియా నుంచి గింజలు తెప్పించి, మూడు కవర్లలో పోసి పేర్లు రాసిన ఫొటో పెట్టింది. అవీ తిరగలేదు. ప్రతిసారీ చివర ఒకటే మాట: "శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి."

ఇంత శ్రద్ధగా మోసపోయే మనిషి చేతికి చిక్కితే వదలబుద్ధి కాదు. నాలుగో షరతు ఏం పెడదామా అని ఆలోచిస్తుండగా అధికారి నుంచి ఫోను వచ్చింది.

"ఆమె ఒక్కతి చార్టంత ఖరాబ్ చేస్తున్నది. నువ్వే పోయి చేయించి, పచ్చ చేసి రా."

నేను వట్టి చేతులతో పోలేదు. కుట్టుసూది మొన విరిచి, అయస్కాంతం మీద రాసి, థర్మకోల్ బిళ్ళలోకి కనబడకుండా దూర్చి జేబులో వేసుకున్నాను.

తరగతిలోకి పోయేసరికి హాస్టల్ మెస్సు పళ్ళేలు వరుసగా నీళ్ళతో నింపి ఉన్నాయి. కిటికీలు మూసి ఉన్నాయి. పిల్లల మొహాలు చెమటతో మెరుస్తున్నాయి. నేను ఫ్యాను స్విచ్చు వేయబోయాను.

"సార్ సార్, ఫ్యాన్ వద్దు! గాలికి తిరుగుతది, మేడం చెప్పింది" అని నలుగురు ఒక్కసారే అరిచారు.

"రండి సార్" అంది మేడం. "మీరొస్తారని తెలిసి పిల్లలు పొద్దున్నే గింజలు ఏరి పెట్టారు. మీ కళ్ళముందే చేస్తాం, మా తప్పేంటో మీరే చెబుదురుగాని."

"మీరెందుకు మేడం, నేనే జేస్త సూడుండ్రి" అన్నాను.

జేబులోంచి నా బిళ్ళ తీసి పళ్ళెంలో వదిలాను. దాని మీద వాళ్ళు ఏరిపెట్టిన గింజే పెట్టాను. సూది మొన ఎటుందో చూసుకునే పెట్టాను. బిళ్ళ ఒకసారి ఊగి, మెల్లగా తిరిగి, గింజ ముక్కును ఉత్తరానికి తెచ్చి ఆగింది. వేలితో పక్కకు తిప్పి వదిలాను. మళ్ళీ ఉత్తరమే.

తరగతి గోలగోలయింది. బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. "సార్‌ది తిరిగింది! సార్‌ది తిరిగింది!" ఒక పిల్ల మేడం వైపు తిరిగి, "మనం గన్ని రోజులు జేస్తే రాలేదు, సార్‌కు ఒక్కసారికే వచ్చింది మేడం" అంది.

"గింజలు గూడ మనిషిని సూసి తిరుగుతయ్ బిడ్డా. మీ మేడమంటే వాటికి లెక్కలేనట్టుంది" అన్నాను.

పిల్లలు పగలబడి నవ్వారు. మేడం కూడా నవ్వబోయింది. నవ్వు మొహం మీదికి రాలేదు. మెడ దగ్గర చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ పళ్ళెంవైపే చూస్తూ నిలబడింది. ఎనిమిదేళ్ళు పాఠం చెప్పిన గదిలో ఒక మనిషి అంత తొందరగా చిన్నదైపోవడం నేను చూశాను. చూడడానికి బాగుంది.

అప్పుడు ముందు బెంచీలోని రెండు జడల పిల్ల వంగి, బిళ్ళ మీది గింజను రెండు వేళ్ళతో తీసేసింది. వట్టి బిళ్ళను పక్కకు తిప్పి వదిలింది. బిళ్ళ మళ్ళీ అటే వచ్చి ఆగింది.

"మేడం, గింజ లేకున్నా తిరుగుతున్నది."

అందరూ తన వైపే చూడడంతో ఆ పిల్ల భయపడింది. "ఒక్కసారికి ఒక్కటే మార్చమన్నరు గద మేడం. నేను గింజ ఒక్కటే తీసిన."

నేను బిళ్ళను లాగి తడితోనే జేబులో వేసుకున్నాను. "గింజ బలం థర్మకోల్‌కు ఎక్కింది బిడ్డా. మంచి గింజ అది" అన్నాను.

"అట్లనా సార్?" అంది ఆ పిల్ల. అడిగింది నన్ను, చూసింది మేడంను.

"చూసింది చూసినట్టు రాసుకోండమ్మా" అంది మేడం. నా జేబు తడిసి చుక్కలు కారుతుంటే ఆమె అటువైపు కూడా చూడలేదు.

బయట వరండాలో నేనే మొదలుపెట్టాను. "మేడం, పచ్చ నొక్కుండ్రి, ఖతం. లిస్టుల మీ పేరు ఉంటది, నేను జెప్త."

"గింజ లేకుండా తిరిగిందని రాయడానికి మీ ఫారంలో చోటుందా సార్?"

"ఒక్క వడ్లగింజ కోసం నౌకరి పోగొట్టుకుంటరా? పరేషాన్ కాకుండ్రి."

"ఉద్యోగం కావాలి సార్. నా జీతం లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు, మీకు దాపరికమేముంది? కానీ నలభై మంది పిల్లల పుస్తకాల్లో తిరగలేదని ఉంది. రేపు వాటిని దిద్దాల్సింది నేనే కదా." మళ్ళీ తనే అంది: "ఆ శాస్త్రవేత్త గారిని మళ్ళీ అడుగుతాను. ఎంత పెద్దవారో, అయినా ప్రతిసారీ ఓపిగ్గా జవాబిస్తారు. ఆయన ఒక్క మాట రాసిస్తే చాలు, నన్నెవరూ ఏమీ అనరు."

"రాస్తడు మేడం. పెద్దమనిషి" అన్నాను.

నేను త్రిపురారం దాటకముందే ఫోను మోగింది. బండి ఆపి చూశాను.

"అయ్యా, శనివారం మిర్యాలగూడ ఆఫీసులో నా పొడిగింపు మీద విచారణ ఉంది. ఈ ప్రయోగం సరిగ్గా చేసినా ఫలితం రాకపోవచ్చని మీరు ఒక్క వాక్యం రాసి పంపగలరా? అది చూపిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి."

రెండు వైపులా నాట్లు వేసిన మడులు. నేను బండి మీద కూర్చునే టైపు చేశాను. "ఈ ప్రయోగం పనిచేయదు." మూడే మాటలు. పంపే గుర్తు మీద వేలు పెట్టబోయి ఆగాను. ఆమె దీన్ని తీసుకెళ్ళి చూపిస్తే పేజీ ఎవరిదని అడుగుతారు. ఎవరిదని వెతికితే నా దగ్గరికే వస్తుంది. మూడు మాటలూ చెరిపేసి, మిర్యాలగూడకు వచ్చి, బత్తాయి రసం తాగి ఇంటికి పోయాను.

నేను ఏమీ చేయలేదనకూడదు. శుక్రవారం అధికారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఒకవేళ ఆ గింజ కృత్యం ఉత్తదే అయితే?"

"ఏందయ్యా, మళ్ళ నీ మొసలి కథనా?"

"కథ కాదు సార్. నిజంగనే అడుగుతున్న."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "గన్ని బళ్ళు జేసినయ్. గన్ని ఫొటోలున్నయ్. అది ఉత్తదైతే నేను గంత మందికీ మెమోలియ్యాలె. మొదటిది నీకే. మల్ల నాకెవడిస్తడో గది వేరే సంగతి. ఇప్పుడు జెప్పు, ఒక్కామె తప్పు జేసిందా, అందరం తప్పు జేసినమా?"

"ఒక్కామె సార్" అన్నాను.

శనివారం విచారణకు నన్ను కూడా కూర్చోబెట్టారు. మేడం ఒక సంచీలో పిల్లల నోటు పుస్తకాలు, మూడు ఊళ్ళ గింజల కవర్లు తెచ్చింది. ఒక్కొక్కటే బల్లమీద పెట్టి, ఏ రోజు ఏం చేశారో చెప్పబోయింది. అధికారి చేతితో ఆపి నా వైపు తిరిగాడు.

"నువ్వు పోయినవ్ గద. నువ్వు జేస్తే తిరిగిందా, లేదా?"

"తిరిగింది సార్" అన్నాను. "మేడం చేతిల ఏదన్న లోపం ఉంటది."

చిత్రమేమంటే, తిరిగింది అన్న మాట అబద్ధం కాదు.

"గింజ తీసేసినా తిరిగింది సార్" అంది మేడం. "పిల్లలందరూ చూశారు."

"అమ్మా, తిరిగిందా లేదా? తిరిగింది గద! మల్ల మీరు ఇంకా చేయలేదని ఎందుకు నొక్కిన్రు?"

రెండు గడుల ఫారం ముందు పెట్టి అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? నేను చూసినదానికి సాక్షిగా కాగితం మీద సంతకం అడిగారు. పెట్టాను. నా సంతకం అందంగా ఉంటుంది.

మెట్లు దిగుతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ శాస్త్రవేత్త గారు ఈసారి జవాబివ్వలేదు సార్" అంది. "ఎప్పుడూ ఇట్లా చేయరు. ఒంట్లో బాగోలేదేమో."

ఆమె మొహంలోకి చూశాను. తెలిసి అంటోందా, తెలియక అంటోందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. "పెద్దాయన గద మేడం" అని బండి స్టార్టు చేశాను.

జూన్‌లో జాబితా వచ్చింది. ఆమె పేరు లేదు. కోదాడలో ఏదో ప్రైవేటు బడిలో చోటుందేమోనని అడుగుతూ తిరుగుతోందని విన్నాను. త్రిపురారం వైపు బడికి కొత్త టీచరు వచ్చింది. చేరిన రోజే పాత నెల ఫారం తెరిచి పచ్చ నొక్కింది. చార్టు నిండుగా పచ్చబడింది. సూర్యాపేట స్నేహితుడికి ఉత్తమ కృత్యమని సర్టిఫికెట్ ఇచ్చారు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు ఎంత కిందికి జరిపినా తరగలేదు. అందులో నాదీ ఒకటి.

బడులు తెరిచిన మొదటి వారం, శుక్రవారం, మధ్యాహ్నం అన్నాలప్పుడు, శాస్త్రవేత్త పెట్టెలో ఒకటి వచ్చింది. నమస్కారం లేదు, పట్టిక లేదు. తరగతి గోడ టీవీ మీద వేలితో ఒక్కొక్క అక్షరం కొట్టినట్టుంది.

"గింజ తిరగలేదని మేడం చెప్పలేదు. మేమే చెప్పినం. మేడం ఉత్తగ రాసింది అంతే. మమ్మల్ని ఫెయిల్ చెయ్యండి. మేడంను తీసెయ్యకండి."

నా ముందు టిఫిన్ బాక్సు తెరిచి ఉంది. పక్కన సార్లు కొత్త కథ చెప్పమని గోల చేస్తున్నారు. నేను ఎడమచేత్తో టైపు చేశాను. "గింజ తిరగదు. మీరు చూసిందే నిజం." ఈసారి చెరపలేదు. పంపాను.

పప్పన్నం ఇంకో ముద్ద తినేలోగా జవాబు వచ్చేసింది.

"అయితే మేడం సోమవారం వస్తదా సార్?"

చెయ్యి కడుక్కుని వచ్చి పేజీ తెరిచాను. వర్క్‌షీటు తీసేశాను. క్విజ్ తీసేశాను. గడ్డం ఆయన బొమ్మ తీసేశాను. చివరికి పేజీనే తీసేశాను. అటువైపు గోడ టీవీ ముందు నిలబడి జవాబు కోసం చూస్తున్న ఆ పిల్లకు అప్పుడు ఏం కనబడి ఉంటుందో నాకు తెలుసు. ఈ పేజీ అందుబాటులో లేదు అని వస్తుంది.